పొడిగాలి రోజులకు ఏ సూపు? చైనా శరదృతు పోషక వంటల్లో ఎంపిక

గ్వాంగ్‌జౌ నగరంలో ఎండు సరుకులకు పేరుపడిన ఛింగ్‌పింగ్ మార్కెట్‌కు సెప్టెంబరులో వెళితే దుకాణాల ముందు బస్తాల్లో తెలుపు, లేత పసుపు రంగుల సరుకులే ఎక్కువగా కనిపిస్తాయి. ఎండిన లిల్లీ దుంప రేకలు, తామర గింజలు, పువ్వులా ముడుచుకుని ఎండిన తెల్ల పుట్టగొడుగులు, సన్నని పుల్లల్లాంటి వేళ్ళు, ముడతలు పడిన ఎర్ర రేగుపళ్ళు వరుసగా ఉంటాయి. ఒక్కో సూపుకు కావలసినవన్నీ ఒకే పొట్లంలో కట్టి అమ్మే దుకాణాలు కూడా ఉన్నాయి. ఏ పొట్లం మీద చూసినా కనిపించే మాట దాదాపు ఒకటే: ఇది పొడితనాన్ని తగ్గించి ఊపిరితిత్తులకు తేమనిస్తుంది. అన్నీ ఒకే పని చేస్తాయన్నప్పుడు ఏది కొనాలన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. నిజానికి అన్నీ ఒకే పని చేయవు. చైనా సంప్రదాయ ఆహారవైద్యం ప్రకారం వాటిలో కొన్ని ఒకరికి మేలు చేస్తే మరొకరికి అజీర్ణం చేస్తాయి, సెప్టెంబరులో పనికొచ్చినది నవంబరులో పనికిరాకపోవచ్చు.

అందువల్ల ఈ సూపుల్లో ఏది గొప్పదని అడగడం కంటే మనకున్న పొడితనం ఏ రకానిది, మన జీర్ణశక్తి ఎంత అని ముందుగా చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ధర, రుచి, పేరు ప్రతిష్ఠల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

వేడి పొడి, చల్లని పొడి

చైనా పంచాంగంలో శరదృతువు ఆగస్టు 7 లేదా 8న వచ్చే ‘లిచ్యూ’తో మొదలై నవంబరు 7 లేదా 8న వచ్చే ‘లిదోంగ్’తో ముగుస్తుంది. మన ఆశ్వయుజ కార్తికాలతో పోలిస్తే ఇది చాలా ముందుగానే మొదలవుతుంది. ఆ వైద్య సంప్రదాయానికి మూలగ్రంథమైన ‘హువాంగ్‌ది నెయ్‌జింగ్’ శరదృతువును ఊపిరితిత్తులతో జతచేసి, శరత్తులోనూ హేమంతంలోనూ శరీరంలోని తేమను, చల్లదనాన్ని, అంటే ‘ఇన్’ అనే అంశాన్ని పోషించుకోవాలని చెబుతుంది. ఇక్కడ ఊపిరితిత్తులు అన్నది శరీరశాస్త్రం చెప్పే అవయవానికి మాత్రమే పరిమితమైన మాట కాదు. ముక్కు, గొంతు, చర్మం, పెద్దపేగు కూడా దాని పరిధిలోకే వస్తాయి. కాబట్టి గొంతు గరగర, పొడిదగ్గు, పెదవులు పగలడం, చర్మం తెల్లగా పొడిబారడం, మలబద్ధకం అన్నిటినీ ఈ సంప్రదాయం ఒకే పొడితనానికి వేర్వేరు ముఖాలుగా చూస్తుంది.

ఆ పొడితనం రెండు రకాలు. శరత్తు మొదట్లో ఎండ తీవ్రత ఇంకా తగ్గకపోవడంతో వచ్చేది వేడి పొడి. దాని లక్షణాలు దాహం, గొంతు మంట, కొద్దిగా జిగటగా పసుపు రంగులో పడే కఫం, ఎర్రబడిన నాలుక. అక్టోబరు 8 ప్రాంతంలో వచ్చే ‘హాన్‌లూ’ దాటి చలి మొదలయ్యాక వచ్చేది చల్లని పొడి. అందులో దగ్గు పొడిగానే ఉంటుంది గానీ చలి వేస్తుంది, ముక్కు బిగుసుకుంటుంది, దాహం అంతగా ఉండదు, కఫం పడినా పల్చగా తెల్లగా ఉంటుంది. 1798 నాటి ‘వెన్‌బింగ్ త్యావోబ్యెన్’ అనే గ్రంథంలో వూ జూతోంగ్ ఈ రెండింటికీ వేర్వేరు ఔషధ యోగాలు ఇచ్చాడు. వంటింటి సూపులకు కూడా అదే తర్కం వర్తిస్తుంది. వేడి పొడికి చలవచేసి తడిపే పదార్థాలు కావాలి. చల్లని పొడికి తడిపేవే కావాలి గానీ వాటికి కాస్త వేడి తోడవాలి.

తెలుగు పాఠకులకు ఈ పద్ధతి అంత కొత్తగా తోచదు. మామిడిపండు వేడి, సబ్జా చలవ అని రోజూ అనుకునే ఇళ్ళలో చైనావారు పదార్థాలకు చెప్పే వేడి, వెచ్చన, సమం, చల్లన, అతిచల్లన అనే స్వభావాలు సులభంగానే అర్థమవుతాయి. ఒక తేడాను మాత్రం గుర్తుంచుకోవాలి. చైనా భాషలో సూపుకూ ఔషధ కషాయానికీ ‘థాంగ్’ అనే మాటే వాడుక. మనకు చారు వేరు, కషాయం వేరు కాబట్టి వంటింటి సూపు ఎక్కడ ముగుస్తుందో, మందు ఎక్కడ మొదలవుతుందో చైనా వంటకాల పేర్లు చూసి మనం పోల్చుకోలేము. ఆ గీత ఎక్కడుందో తర్వాత చూద్దాం.

బేరిపండా, వెండిచెవి పుట్టగొడుగా

ఎక్కువమంది ఎంపిక చివరికి ఈ రెండింటి మధ్యే ఆగుతుంది. రెండూ శాకాహారమే, రెండూ తియ్యనివే, రెండింటిలోనూ పటికబెల్లమే వేస్తారు. అయినా వాటి పనిలో స్పష్టమైన తేడా ఉంది.

‘శ్యుయెలి’ అనే తెల్లని రసవంతమైన బేరిపండును ముక్కలు కోసి పటికబెల్లంతో ఉడికించిన నీళ్ళు చైనా అంతటా ఇంటివైద్యమే. బేరిపండు స్వభావం చల్లన. పచ్చిగా తింటే ఎక్కువ చలవ చేస్తుందనీ, ఉడికించాక ఆ చలవ తగ్గి తేమనిచ్చే గుణం మిగులుతుందనీ చెబుతారు. బీజింగ్‌లో ‘శ్యావోద్యావ్ లిథాంగ్’ అనే పానీయంలో బేరిపండుతో పాటు కొంచెం వెండిచెవి, పుల్లని ఎండు ప్లమ్ పండు కూడా వేసి, చిన్న లోహపు పాత్రలో వేడివేడిగా అందిస్తారు. ఆ పులుపు వల్ల తీపి మొహం మొత్తదు. బేరి సూపుకు అరగంట నుంచి ముప్పావుగంట చాలు. రెండు పళ్ళు, ఒక లీటరు నీళ్ళు, ఇరవై గ్రాముల పటికబెల్లం ఉంటే ముగ్గురికి సరిపోతుంది. పండును తొక్కతోనే వేయాలి గానీ గింజలున్న మధ్యభాగాన్ని తీసేయాలి. మన మార్కెట్లో దొరికేవాటిలో మెత్తబడినవి కాకుండా కరకరలాడే గట్టి రకం ఎంచుకుంటే ముక్కలు పిండి కాకుండా నిలుస్తాయి.

వెండిచెవి అంటే చైనావారు ‘ఇన్‌అర్’ అని పిలిచే తెల్లని పుట్టగొడుగు. ఒకప్పుడు అడవుల్లో మాత్రమే దొరికి సంపన్నులకే పరిమితమైన ఈ సరుకును ఇప్పుడు ఫుజియెన్ రాష్ట్రంలోని గుత్యెన్ జిల్లాలో భారీగా పండిస్తున్నారు. అందుకే దీనికి సామాన్యుల పక్షిగూడు అనే పేరు వచ్చింది. స్విఫ్ట్‌లెట్ పక్షి లాలాజలంతో కట్టుకున్న గూళ్ళను వేల రూపాయలు పోసి కొని సూపు చేసుకునే ఆచారం పక్కనే, అదే జిగురునూ అదే మృదుత్వాన్నీ చవకగా ఇచ్చే వస్తువుగా ఇది నిలబడింది. స్వభావరీత్యా ఇది సమం, అంటే వేడీ కాదు, చలవా కాదు. బేరిపండు కంటే ఎక్కువమందికి పడటానికి కారణం అదే.

దీన్ని వండడంలో ఓర్పు కావాలి. పదిహేను ఇరవై గ్రాముల ఎండు పుట్టగొడుగు ఒకటి నలుగురికి సరిపోతుంది. చన్నీళ్ళలో గంటన్నర నుంచి రెండు గంటలు నానబెడితే అది పువ్వులా విచ్చుకుని గిన్నె నిండిపోతుంది. అడుగున గట్టిగా, పసుపు రంగులో ఉండే తొడిమను కత్తెరతో తీసేసి, మిగిలినదాన్ని వేళ్ళతో గోరంత ముక్కలుగా తుంచాలి. ఇక్కడ బద్ధకిస్తే సూపు పాడవుతుంది. పెద్ద రేకలుగా వదిలేస్తే ఎంతసేపు ఉడికినా నీళ్ళు నీళ్ళుగా, రేకలు రేకలుగా విడివిడిగానే ఉంటాయి. చిన్నగా తుంచి రెండు లీటర్ల నీళ్ళలో మొదట పెద్ద మంట మీద, పొంగు వచ్చాక సన్నని సెగ మీద గంటన్నర ఉడికించాలి. మొదటి గంటలో ఏమీ జరుగుతున్నట్టు కనిపించదు. ఆ తర్వాత గరిటెతో ఎత్తి వదిలితే చుక్కలు ఒక్కొక్కటిగా రాలకుండా సన్నని తీగలా జారడం మొదలవుతుంది. మన సగ్గుబియ్యం జావ చిక్కబడే ఘడియ ఎలా తెలుస్తుందో ఇదీ అలాగే తెలుస్తుంది. అప్పుడు నానబెట్టిన లిల్లీ రేకలు, ఎర్ర రేగుపళ్ళు వేసి మరో ఇరవై నిమిషాలు ఉంచి, దించడానికి పది నిమిషాల ముందు గోజీ అనే చిన్న ఎర్రని ఎండు పళ్ళు, పటికబెల్లం వేయాలి. గోజీ పళ్ళను ముందే వేస్తే పులిసినట్టుగా మారి రంగు కూడా చెడుతుంది. తామర గింజలు వేసేటట్టయితే పుట్టగొడుగుతో పాటే మొదట వేయాలి. పటికబెల్లం ముందే పడితే అవి సరిగా ఉడకవని చైనా వంటవారు చెబుతారు.

కొనేటప్పుడు మల్లెపువ్వంత తెల్లగా మెరిసేవాటిని పక్కన పెట్టండి. గంధకపు పొగ పట్టిస్తే ఆ తెలుపు వస్తుంది. మంచి సరుకు లేత పసుపు రంగులో ఉండి, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు వాసన రాకుండా ఉంటుంది. అంతకన్నా ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉంది. నానబెట్టిన పుట్టగొడుగును రాత్రంతా గానీ, ఒకటి రెండు రోజులు గానీ వెచ్చని వంటింట్లో వదిలేయకూడదు. అలా వదిలేస్తే ఒక రకం సూక్ష్మజీవి పెరిగి బాంగ్‌క్రెకిక్ ఆమ్లం అనే విషాన్ని తయారు చేయవచ్చు. ఆ విషం ఉడికించినా పోదు, ప్రాణాంతకం కావచ్చు. చైనాలో నానబెట్టిన పుట్టగొడుగుల వల్ల ఇలాంటి మరణాలు నిజంగానే సంభవించాయి. పప్పు రాత్రి నానబోసి పొద్దున రుబ్బే అలవాటున్న మన ఇళ్ళలో ఈ పొరపాటు జరగడం చాలా తేలిక. వండడానికి రెండు గంటల ముందు మాత్రమే నానబెట్టండి, నానాక జిగటగా మారినా వాసన వచ్చినా పారేయండి.

ఇక తీర్పు. గొంతు మండుతూ దాహంగా ఉండి, పసుపు కఫంతో నాలుగైదు రోజులుగా దగ్గుతున్నవారికి బేరిపండు సూపే తగినది. అది తాత్కాలికంగా, రెండు మూడు రోజులు తాగవలసినది. రోగం ఏమీ లేకుండా చర్మం పొడిబారడం, గొంతు ఎండిపోవడం, మలబద్ధకం లాంటి ఇబ్బందులతో శరత్తంతా వారానికి రెండుసార్లు తాగదలచినవారికి వెండిచెవి మేలు. తరచూ విరేచనాలయ్యేవారు, చల్లని పదార్థం తింటే కడుపు బరువెక్కేవారు బేరిపండుకు దూరంగా ఉండాలి. తప్పదనుకుంటే రెండు అల్లం ముక్కలు వేసుకోవాలి. చల్లని పొడి దగ్గుకు బేరిపండులో సిచువాన్ మిరియాల గింజలు కొన్ని పెట్టి ఉడికించే పద్ధతి కూడా చైనా ఇళ్ళలో ఉంది. పండు చలవను మిరియం వేడి సరిచేస్తుందన్నది దాని వెనక ఉన్న ఆలోచన.

తామరదుంప సూపు: వూహాన్ పద్ధతి

పైవి రెండూ తియ్యని పానీయాలు. భోజనంలో భాగంగా కడుపు నిండే సూపు కావాలంటే వూహాన్ నగరవాసులు తామరదుంపలు, పంది పక్కటెముకలు కలిపి మట్టిపాత్రలో రెండు మూడు గంటలు కాచే సూపును తలుచుకోవాలి. సరస్సులకు పేరైన హుబెయ్ రాష్ట్రంలో శరత్తు మధ్య నుంచే కొత్త తామరదుంపలు వస్తాయి. పచ్చి తామరదుంప చలవ, ఉడికించినది వెచ్చన అని చెప్పే నియమం ఇక్కడ కీలకమైనది. అదే పదార్థం సలాడ్‌గా సెప్టెంబరు వేడికీ, సూపుగా అక్టోబరు చివరి చలికీ సరిపోతుంది. పొడిని తగ్గించే శక్తిలో ఇది వెండిచెవి కంటే వెనకే గానీ, ఇంటిల్లిపాదికీ పెట్టదగినదీ, కడుపును ఇబ్బంది పెట్టనిదీ ఇదే. నా మటుకు నాకు ఈ సూపులన్నిటిలో రుచికి మొదటి స్థానం దీనిదే.

దుంపలు రెండు రకాలు. పొడవుగా, తెల్లగా, నున్నగా ఉండేవి కరకరలాడతాయి, అవి వేపుడుకు మంచివి. పొట్టిగా, లావుగా, కాస్త గోధుమరంగు తొక్కతో ఉండేవి ఉడికాక చిలగడదుంపలా పిండిపిండిగా మారి, కొరికితే సన్నని దారాలు సాగుతాయి. సూపుకు ఈ రెండోరకమే కావాలి. మన నగరాల్లో ఉత్తరాది నుంచి వచ్చే సన్నని పీచు తామరతూడుతో ఈ సూపు చేస్తే ఎంత కాచినా ఆ పిండితనం రాదు, ఆశపడకండి. ఇనుప పాత్రలో వండితే దుంప నల్లబడుతుంది కాబట్టి మట్టిపాత్ర గానీ స్టీలు పాత్ర గానీ వాడాలి. మాంసం తినని ఇళ్ళలో పక్కటెముకలకు బదులు వేరుశనగ గుళ్ళు, ఎర్ర రేగుపళ్ళు వేసి కాచవచ్చు. గ్వాంగ్‌డోంగ్‌లో తామరదుంప, వేరుశనగల జోడీ పరిచితమైనదే, కాబట్టి అది రాజీపడి చేసుకున్న వంటలా ఉండదు.

షాషెన్, యూజూ: ఇంటి వంటకూ మందుకూ మధ్య గీత

గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రవాసులు ‘లోఫో థోంగ్’ అని పిలిచే నిదానపు సెగ సూపులో షాషెన్, యూజూ అనే రెండు వేళ్ళను వేసి, ముదురు బాతు మాంసంతో గానీ కొవ్వు లేని పంది మాంసంతో గానీ కాస్తారు. మూడు గంటలు మరగనివ్వాలి, లేదంటే మూతగిన్నెను నీళ్ళలో ఉంచి నాలుగు గంటలు ఉడికించాలి అన్నది అక్కడి నానుడి. భోజనానికి ముందు సూపు తాగి, మిగిలిన మాంసాన్ని సోయాసాస్‌లో అద్దుకుని తింటారు. మాంసాన్ని ముందుగా చన్నీళ్ళలో వేసి, పొంగు వచ్చేదాకా కాచి, తేలిన నురుగుతో సహా ఆ నీటిని పారబోసి కడిగాకే అసలు వంట మొదలవుతుంది. ఉప్పు వేసేది చివరనే.

నలుగురికి ఒక్కో వేరు పదిహేను గ్రాములు చాలు. రుచి కొద్దిగా తీపి, మందు వాసన ఉండదు. వేడి పొడికి ఇది బేరిపండు కంటే లోతుగా పనిచేస్తుందనీ, ఎక్కువకాలం దగ్గి నీరసించినవారికి, ఎక్కువగా మాట్లాడి గొంతు పోగొట్టుకునే ఉపాధ్యాయులకు, గాయకులకు తగినదనీ సంప్రదాయం చెబుతుంది. అయితే జలుబు ఇంకా తగ్గనివారికి, తెల్లని కఫం బాగా పడేవారికి ఇది పనికిరాదు. తడిపే పదార్థం కఫాన్ని మరింత పెంచుతుందనేది అభ్యంతరం. బాతు స్వభావం చల్లన కాబట్టి శరత్తు తొలి భాగానికి బాతు, చివరి భాగానికి కోడి ఎంచుకోవడం తేలికైన సర్దుబాటు. యూరిక్ ఆమ్లం ఎక్కువగా ఉన్నవారు, దానివల్ల వచ్చే గౌట్ అనే కీళ్ళవాతం ఉన్నవారు గంటల తరబడి కాచిన మాంసపు సూపులు మానుకోవాలి. మాంసంలో ఉండి ఒంట్లో యూరిక్ ఆమ్లంగా మారే ప్యూరిన్లు నీటిలోకి దిగుతాయి.

ఇక గీత విషయం. 2002లో చైనా ఆరోగ్యశాఖ ఆహారంగానూ ఔషధంగానూ వాడదగిన పదార్థాల జాబితా ప్రకటించింది. లిల్లీ దుంప, తామర గింజలు, ఎర్ర రేగుపళ్ళు, గోజీ, యూజూ, షాన్‌యావ్ అందులో ఉన్నాయి. బేరిపండులో గుజ్జు తీసి ఆ గుంటలో పొడిచేసి పెట్టే ‘చ్వాన్‌బెయ్’ అనే చిన్న దుంప మాత్రం అందులో లేదు. అది మందు. అడవుల్లో దొరకడం తగ్గిపోయి ధర చుక్కలనంటింది, దాని పేరుతో చవక రకాలు అంటగట్టడం కూడా ఎక్కువే. దగ్గు సూపు అనగానే అందరూ మొదట చెప్పేది ఈ చ్వాన్‌బెయ్ బేరిపండే అయినా, వైద్యుడు చెప్పకుండా దీన్ని వంటింట్లోకి తెచ్చుకోవద్దనే నా సలహా. ఉత్త బేరిపండు, పటికబెల్లం చేసే పనికి మించి ఒక సాధారణ దగ్గుకు అవసరమూ ఉండదు.

కడుపు బలహీనంగా ఉన్నప్పుడు, చలి ముదిరినప్పుడు

ఆకలి లేనివారికి, తిన్నది అరగనివారికి పైవాటిలో ఏదీ మొదటి ఎంపిక కాదు. చైనా వైద్యం దృష్టిలో జీర్ణశక్తిని నడిపేది ప్లీహం, అది బలహీనంగా ఉన్నప్పుడు తడిపే పదార్థాలు పెడితే అవి అరగక పేరుకుంటాయి. ముందు కడుపును సరిచేయాలి. దానికి ‘షాన్‌యావ్’, అంటే మన పెండలానికి దగ్గరి బంధువైన సన్నని పొడవాటి దుంప ఉంది. హెనాన్ రాష్ట్రంలోని జ్యావోజ్వో ప్రాంతపు రకానికి ఎక్కువ పేరు. దీన్ని కోడిమాంసంతో గానీ, శాకాహారమైతే తామర గింజలు, ఎర్ర రేగుపళ్ళతో గానీ ఉడికిస్తారు. తొక్క తీసేటప్పుడు చేతులకు దురద పెడుతుంది. కంద ఒలిచిన అనుభవం ఉన్నవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. స్వభావం సమం కాబట్టి ఏ పొడికైనా పడుతుంది, పసిపిల్లలు తప్ప ఇంట్లో అందరూ తినవచ్చు.

నవంబరు దగ్గరపడ్డాక ఉత్తర చైనాలో గొర్రె మాంసపు సూపులు మొదలవుతాయి. వాటిలో ప్రసిద్ధమైన, దాంగ్‌గుయ్ అనే ఔషధపు వేరు, అల్లం, మాంసం కలిపి చేసే సూపు హాన్ వంశపు చివరికాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ ‘జిన్‌గుయ్ యావోల్యుయె’ గ్రంథంలో ఇచ్చినది. మూడు పాళ్ళ దాంగ్‌గుయ్, ఐదు పాళ్ళ అల్లం, పదహారు పాళ్ళ మాంసం తీసుకుని, ఎనిమిది కొలతల నీటిని మూడు కొలతలయ్యేదాకా కాచాలని ఆ కొలత. అది రాసింది చలివల్ల వచ్చే కడుపునొప్పికి, ప్రసవానంతర నొప్పికి. ఊపిరితిత్తుల పొడికి కాదు. శరత్తు సూపుల జాబితాల్లో దీన్నీ కలిపి రాసేవారు ఎక్కువమంది ఉన్నారు గానీ, గొంతు ఎండి దాహంతో ఉన్నవారికి ఇది పెడితే మంట పెరుగుతుంది. లిచ్యూ నాడే మాంసం దండిగా తిని ‘శరత్తు కొవ్వు’ అంటించుకోవాలనే ఉత్తరాది ఆచారాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి. వేసవిలో చిక్కిపోయిన రైతుకు అది సరిపోయింది, ఏడాది పొడవునా నిండుగా తినేవారికి దాని అవసరం లేదు.

పేర్లు తెచ్చే తికమకలు

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఈ సరుకులు చైనా కిరాణా దుకాణాల్లో తేలికగా దొరుకుతాయి. హైదరాబాద్ లాంటి నగరాల్లో దిగుమతి సరుకుల దుకాణాల్లోనూ, ఆన్‌లైన్‌లోనూ కొన్ని దొరుకుతాయి. సరుకు దొరకడం కంటే పేర్లు తారుమారు కావడం పెద్ద ఇబ్బంది. పొట్లం మీద రెడ్ డేట్స్ అని ఉన్నది ఖర్జూరం కాదు, మన రేగుకు దగ్గరి జాతి పండు. ఖర్జూరం వేస్తే సూపు పాకంలా తియ్యబడిపోతుంది. మఖానా తామర గింజ కాదు. అది వేరే నీటిమొక్క గింజ, చైనావారు దాన్ని ‘ఛియెన్‌ష’ అంటారు. నిజమైన తామర గింజ గుండ్రంగా, గట్టిగా ఉంటుంది. లోపల పచ్చని మొలక ఉంటే అది చేదు, తీసేయాలి.

అన్నిటికన్నా జాగ్రత్త పడవలసినది ‘శింగ్‌రెన్’ విషయంలో. ఆంగ్లంలో దీన్ని ఆల్మండ్ అని రాసేస్తారు గానీ అది బాదం కాదు, ఆప్రికాట్ గింజ లోపలి పప్పు. ఖుబానీ కా మీఠా మీద వేయడానికి గింజ పగలగొట్టి తీసే తియ్యని పప్పు హైదరాబాదీలకు తెలిసినదే. చైనా సూపుల్లో ఆ తియ్యని పప్పుతో పాటు కొద్దిగా చేదు రకాన్ని కూడా కలుపుతారు. చేదు రకంలో సైనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో చేదు రకాన్ని అసలు తేవద్దు. తియ్యని రకంతోనే సూపు చేసుకుంటే కోల్పోయేదేమీ లేదు.

ఎవరికి ఏది తగదు

మధుమేహం ఉన్నవారు పటికబెల్లం మానేసి వెండిచెవి, లిల్లీ రేకలతో సూపు చేసుకోవచ్చు. ఎర్ర రేగుపళ్ళు రెండు మూడింటికి మించకూడదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు గోజీ పళ్ళకూ దాంగ్‌గుయ్‌కూ దూరంగా ఉండాలి, అవి మందు ప్రభావాన్ని పెంచిన సందర్భాలు నమోదయ్యాయి. ఏడాది లోపు పిల్లలకు బేరిపండు నీళ్ళలో తేనె కలిపి పట్టకూడదు. గర్భిణులు వేళ్ళు వేసే సూపులు వైద్యుడిని అడగకుండా తాగకపోవడమే మంచిది. రెండు వారాలు దాటిన దగ్గుకు సూపు కాదు, కఫం పరీక్ష కావాలి. మన దేశంలో క్షయను మరచిపోయి బేరిపండు మీద ఆధారపడటం ప్రమాదం.

ఈ సూపులు రోగాన్ని నయం చేస్తాయనడానికి ఆధునిక వైద్యపరిశోధన గట్టి ఆధారమేమీ ఇవ్వలేదని కూడా చెప్పాలి. పొడిగాలిలో వేడి ద్రవం గొంతుకు హాయినిస్తుంది, జిగురున్న సూపు ఆ హాయిని కాసేపు నిలుపుతుంది, పీచూ నీరూ మలబద్ధకానికి మేలు చేస్తాయి. నేను నమ్మేది అంతవరకే. మిగిలినది వేల ఏళ్ళ పరిశీలన మీద నిలిచిన సంప్రదాయం.

ఊరు కూడా ఎంపికను మారుస్తుంది. తీరాంధ్రలో, ముఖ్యంగా నెల్లూరులో అక్టోబరు, నవంబరు నెలలు ఈశాన్య రుతుపవనాల వానలతో తడిసి ఉంటాయి. గాలి పొడిగా లేని చోట పొడిని తగ్గించే సూపు వల్ల ఉపయోగం లేదు, ఆ రోజుల్లో మిరియాల చారే సరైనది. తెలంగాణలో డిసెంబరు, జనవరి పొడిచలికి, ఢిల్లీ చలికాలానికి, హీటర్లు వేసుకున్న డాలస్, టొరంటో ఇళ్ళకు ఈ లెక్క బాగా అతుకుతుంది. చలికాలంలో చర్మం పగిలే బీజింగ్ వంటి నగరాల్లో వైద్యం చదవడానికి వెళ్ళిన మన విద్యార్థులకు హాస్టల్ గదిలోని చిన్న కరెంటు కుక్కరులో వెండిచెవి సూపు చేసుకోవడం కష్టమేమీ కాదు.

ఒకే ఇంట్లో వేడి పొడి దగ్గుతో ఒకరు, చలికి ముక్కు బిగిసినవారు ఒకరు, మధుమేహం ఉన్న పెద్దలు ఒకరు ఉంటే మూడు గిన్నెలు పెట్టనక్కరలేదు. వెండిచెవి, తామర గింజలు, లిల్లీ రేకలను తీపి లేకుండా ఒకే పాత్రలో చిక్కగా కాచి ఉంచండి. మొదటివారి గిన్నెకు బేరిపండు ముక్కలు, పటికబెల్లం వేసి విడిగా పదిహేను నిమిషాలు ఉడికించండి. రెండోవారికి నాలుగు అల్లం ముక్కలు, రెండు ఎర్ర రేగుపళ్ళు వేయండి. పెద్దలకు ఉన్నది ఉన్నట్టే వడ్డించండి. మిగిలినదాన్ని చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు బాగా మరగకాచి ముగించండి.